సుందర్ రావు పొట్లం

చిలుకమ్మ మూతి వాచి వచ్చిన సోమవారం కంపౌండర్ సుందర్ రావు నవ్వాడు. పగలబడి నవ్వలేదు. ముక్కుతో చిన్న చప్పుడు చేసి, కల్వంలో బండ తిప్పడం ఆపకుండానే, "ఏందే, తేనెటీగలతోటి ముచ్చట పెట్టినవా?" అన్నాడు. వరండాలో కూర్చున్న ముప్పైమందీ నవ్వారు. జ్వరంతో వణుకుతున్న ముసలాయన కూడా గొంగడిలోంచి తల బయటపెట్టి నవ్వాడు. దవాఖానకు వచ్చినవాళ్ళు కంపౌండర్ నవ్వితే నవ్వాలి. లేకపోతే వంతు వెనక్కి పోతుంది.

డాక్టర్ రాజేశ్వర్ రావు దవాఖాన వరంగల్ మట్టెవాడలో రోడ్డు పక్కనే ఉండేది. మూడు మెట్లు, వరండా, వరండా కొసన సుందర్ రావు మందుల బల్ల, దాని వెనక డాక్టర్ గది. యుద్ధం రోజులు. క్వినైన్ దొరకడం లేదు, దూది దొరకడం లేదు, సీమ నుంచి రావలసిన మందులు సగం సముద్రంలోనే పోతున్నాయని డాక్టర్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మందులు సముద్రంలో పోవడానికి రోగులే కారణమన్నట్టు చెప్పేవాడు.

సుందర్ రావు మిషన్ దవాఖానలో తెల్ల దొరసాని కింద పని నేర్చుకున్నవాడు. తెల్లకోటు గంజిపెట్టి ఇస్త్రీ చేయించుకునేవాడు. ఇంగ్లీషులో మందుల పేర్లు చదివేవాడు. ఆదివారం చర్చి గుడిలో ముందు వరసలో కూర్చునేవాడు. ఆరు రోజులూ ఆ వరండా ముఖాలు చూసి చూసి, మనుషులంటేనే అతనికి ఒక రకమైన ఏవగింపు పుట్టింది. అన్నిటికంటే కొత్తవాడ మగ్గపోళ్ళంటే. వాళ్ళ వేళ్ళకు రంగు, జుట్టులో నూలు పీచు, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "బుజాలు గుంజుతున్నయి సారు, పొట్లం ఇయ్యుండ్రి."

పొట్లం అతనిదే. ఆస్పిరిన్, కొంత ఫెనాసిటిన్, చిటికెడు కెఫీన్. ఏ దవాఖానలోనైనా ఉండే సరుకే. కాని సుందర్ రావు నూరితే అది వేళ్ళ మధ్య నిలవనంత మెత్తగా వచ్చేది. కాగితాన్ని అయిదు మడతలు వేసి కొసను లోపలికి దోపేవాడు. ఎక్కడ పడేసినా పొడి రాలేది కాదు. తొర్రూరు నుంచి వచ్చినవాళ్ళు కూడా డాక్టర్ పేరు అడగకుండా, "సుందర్ రావు పొట్లం దొరికేది ఇక్కడనేనా?" అని అడిగేవాళ్ళు. డాక్టర్ దాన్ని నవ్వులాటగా తీసుకునేవాడు. సుందర్ రావు దాన్ని బిరుదులా మోసేవాడు.

చిలుకమ్మకు ముప్పై ఏళ్ళు ఉండవు. శత్రంజి తివాచీలు నేసే రాజలింగు పెండ్లాం. అతను నేస్తాడు, ఆమె నూలు కండెలు చుడుతుంది. ఆర్నెల్లుగా ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయని నాలుగైదుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా సుందర్ రావు సున్నం రంగు నీళ్ళ మందేదో పూసుకొమ్మని ఇచ్చి, బుజాల నొప్పికి పొట్లాలు కట్టి పంపాడు. ఇవాళ కొంగు తీస్తే పైపెదవి ముక్కును తాకేంత వాచి ఉంది. ఎడమ కన్ను మూసుకుపోయింది. మెడ మీద, చేతుల మీద రూపాయి బిళ్ళలంత దద్దుర్లు, అంచులు ఎర్రగా, నడుమ తెల్లగా. ఆమె గోకకుండా ఉండేందుకు రెండు చేతులూ ఒకదానిలో ఒకటి బిగించి పట్టుకుంది.

డాక్టర్ రోగిని ముట్టుకునేవాడు కాదు. ముట్టకుండా రోగం చెప్పడమే తన తెలివి అనుకునేవాడు. కుర్చీలోంచి తలుపు వైపు ఒకసారి చూసి, మళ్ళీ పత్రికలోకి తల దించి, మెల్లగా ఇంగ్లీషులో అన్నాడు: "సిఫిలిస్. అయోడైడ్ మిక్స్చర్. వచ్చే సోమవారం నుంచి సూదులు."

ఆ మాట గదిలోంచి వరండాలోకి తేవడం సుందర్ రావు పని. ఆమెను పక్కకు పిలిచి చెప్పవచ్చు. చెప్పకుండా మందిచ్చి పంపనూ వచ్చు. కాని పొద్దుటి నుంచి ఎండ, చెమట, ఈగలు. గంజి కాలరు మెడను కోస్తోంది. అతను గడపలో నిలబడి, చివరన మెట్ల మీద కూర్చున్న మొగుణ్ణి చూసి, అందరికీ వినబడేటట్టు అరిచాడు.

"రాజలింగూ! నీ పెండ్లానికి గర్మి!"

వరంగల్‌లో ఆ మాటకు అర్థం అడిగేవాళ్ళు లేరు. చెడుతిరుగుళ్ళతో అంటుకునే రోగం అది. చిలుకమ్మ పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు చీరలు దగ్గరికి గుంజుకుని జరిగారు.

"నాకా?" అంది చిలుకమ్మ. వాచిన పెదవితో ఆ మాట సగమే వచ్చింది. "నాకెట్ల వస్తది సారు?"

"ఎట్ల వచ్చిందో నాకేమెరుక? నీకే ఎరుక."

మళ్ళీ నవ్వులు. సుందర్ రావు సీసాలో మిక్స్చర్ పోసి, కాగితపు ముక్క మీద మోతాదు గీతలు కత్తిరించి అంటించాడు. అలవాటు కొద్దీ ఎనిమిది పొట్లాలు కూడా ఆమె ముందుకు నెట్టాడు. ఆమె వాటిని కొంగున కట్టుకుని మెట్లు దిగేసరికి రాజలింగు అప్పటికే రోడ్డు దాటి, వెనక్కి చూడకుండా నడిచిపోతున్నాడు. ఆమె పరుగెత్తలేదు. అతని వెనకే, అంత దూరం విడిచిపెట్టి, నడిచింది. సుందర్ రావు ఆ దూరం చూశాడు. చూసి, "ఎవలు, తర్వాత ఎవలు?" అన్నాడు.

బుధవారం పొద్దున సోమక్క వచ్చింది. చిలుకమ్మకు తల్లి చెల్లెలు. ఎత్తు మనిషి, మొగుడు లేనిది, రంగశాయిపేటలో ఒక్కతే ఉండి కూలికి కండెలు చుట్టేది. వరసలో కూర్చోలేదు. సరాసరి బల్ల దగ్గరికి వచ్చి నిండు సీసాను టక్కున పెట్టింది.

"ఇది మీదేనా సారు? తీస్కోండ్రి."

"తాగలేదా? ఇగ తగ్గమంటే ఎట్ల తగ్గుతది?" అన్నాడు సుందర్ రావు తల ఎత్తకుండా.

"తగ్గింది."

అతను తల ఎత్తాడు.

"సోమవారం పొద్దుమూకక ముందే ఆమె తినే బాసన్లు బయట పెట్టిండు మొగడు. చీరెలు బయట ఏసిండు. మగ్గాల కాడ ఆమె గంపను ఎవలూ ముట్టరు, నీళ్ళు పైనుంచి దోసిట్ల పోస్తాండ్రు. నేను పోయి తోల్కొచ్చుకున్న. రోషంతోటి మీ మందు ముట్టలే, మీ పొట్లం ముట్టలే. ఈ రెండు రోజులల్ల ఒక్క దద్దురు లేదు, మూతి సక్కగైంది." సోమక్క వరండా వైపు తిరిగి గొంతు పెంచింది. "మస్తు గొప్ప మందు సారూ మీది. తాగకుంటేనే పనిచేస్తది!"

ఈసారి వరండా నవ్వింది అతన్ని చూసి. సుందర్ రావు చెవులు కాలినట్టయ్యాయి.

"గర్మి అట్లనే ఉంటది. బయటికి వస్తది, లోపలికి పోతది. దాక్కుంటది. నీకేం తెలుసు?"

"నాకేం తెల్వది. ఆమె ఆర్నెల్ల గోస కండ్లతోటి చూసిన, గంతే. పొద్దుగాల చేతి మీద ఉన్న దద్దురు పగటీలికి తొడ మీదికి పోతది. పొద్దుమూకేసరికి అక్కడ గూడ ఉండది. మచ్చ ఉండది, పుండు ఉండది. దురద మాత్రం పాణం తీస్తది. అదేం గర్మి సారు, ఊరేగే గర్మి?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది. సుందర్ రావు సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. చుక్క తగ్గలేదు. గర్మి దద్దుర్లు దురద పెట్టవు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి గంటల్లో పోవు. ఇది అతనికి తెలుసు. ఇరవై ఏళ్ళ కింద మిషన్ దవాఖానలో, పుండ్లు కడిగే గదిలో, దొరసాని ఒక్కొక్క రోగి చెయ్యి చాపించి చూపించింది. సోమవారం నాడు కూడా అతనికి తెలుసు. తెలిసిన సంగతి గుర్తు చేసుకునేంత మర్యాద చిలుకమ్మ ముఖానికి ఇవ్వాలనిపించలేదు, అంతే. అతను సీసాను బల్ల కింద పెట్టి, ఆ రోజంతా ఎవరితోనూ హాస్యమాడలేదు.

శుక్రవారం డాక్టర్ లేడు. తహసీల్దారుతో కలిసి ములుగు అడవికి వేటకు వెళ్ళాడు. డాక్టర్ లేని రోజు సుందర్ రావు పాత సీసాలే నింపాలి, కట్లు మార్చాలి, కొత్త రోగాలను రేపు రమ్మనాలి. సూది ముట్టకూడదు. అది గట్టి హుకుం.

పదకొండు గంటలప్పుడు జట్కా వచ్చి మెట్ల ముందు ఆగింది. ముందు సోమక్క దిగింది. తర్వాత జట్కావాడూ ఆమే కలిసి చిలుకమ్మను దింపారు. వరండాలో ఉన్నవాళ్ళు ఆమెను గుర్తుపట్టి లేచి రెండు పక్కలా ఖాళీ చేశారు. ఆ ఖాళీలోంచి ఆమెను మోసుకొచ్చారు. రెండు కళ్ళూ మూసుకుపోయాయి. నాలుక పళ్ళ మధ్య నిండిపోయి ఉంది. ఊపిరి లోపలికి పోయేటప్పుడు సన్నగా ఈల వేస్తోంది. ఆమె సోమక్క రవికె గుంజి పట్టుకుని ఏదో చెప్పబోయింది. గొంతులో మాట లేదు.

"గంట కింద మంచిగనే ఉండె సారు," అంది సోమక్క. బుధవారం నాటి గొంతు కాదు అది. "డాక్టర్ సాబు ఏడి?"

"లేడు."

సుందర్ రావు ఆమెను డాక్టర్ గదిలోకి తెప్పించి, డాక్టర్ తన కోసం ఉంచుకున్న వాలుకుర్చీలో కూర్చోబెట్టించాడు. స్పిరిట్ దీపం వెలిగించి సూదిని, గాజు సిరంజిని ఉడకబెట్టాడు. నీళ్ళు మరగడానికి పట్టిన ఆ కాసేపట్లో అతను ఆమె గొంతు దగ్గర గుంటపడి లేస్తున్న చోటునే చూస్తూ నిలబడ్డాడు. ఈల సన్నబడుతోంది. జబ్బు తగ్గుతోందని కాదు, గాలి పోయే దారి ఇరుకవుతోందని. బీరువా తీశాడు. అడ్రినలిన్ గాజుబుడ్లు మూడే ఉన్నాయి. ఒకదాని మెడ మీద ఆకురాయి గీసి విరిచాడు. అది వేళ్ళ మధ్యే నలిగి మందు నేలపాలయింది. రెండోది గుడ్డతో పట్టుకుని విరిచాడు. సిరంజిలోకి లాగి, పైకి పట్టి, గాలిబుడగ పోయేదాకా నెట్టి, ఆమె పైచెయ్యి తోలును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. ఆర్నెల్లలో అతను ఆమెను ముట్టుకోవడం అదే మొదలు. తోలు నిప్పులా ఉంది. సూది గుచ్చి మెల్లగా, చాలా మెల్లగా నెట్టాడు. తీసి, ఆ చోటును బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

గోడ గడియారంలో అయిదు నిమిషాలు గడిచాయి. ఏమీ కాలేదు. ఆ బుడ్డిలో మిగిలింది కూడా ఎక్కించాడు. ఆమె గుండె ధనధనా కొట్టుకోవడం రవికె మీంచి కనిపిస్తోంది. చేతులు వణుకుతున్నాయి. మరో నాలుగు నిమిషాలకు ఈల మోటుగా మారింది, తర్వాత వట్టి ఊపిరి అయింది. పెదవి దగ్గర నీలం పోయింది. చిలుకమ్మ ఒక కన్ను కొద్దిగా తెరిచి, "దూపైతాంది," అంది.

సుందర్ రావు కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చాడు. ఆమె గ్లాసు అందుకోలేదు. వణుకుతున్న రెండు చేతులూ దోసిలి పట్టి ముందుకు చాపింది. నాలుగు రోజుల్లో అయిన అలవాటు.

"గ్లాసు పట్టు," అన్నాడు అతను. ఆమెకు అర్థం కాలేదు. దోసిలి దించలేదు. అతను ఆమె వేళ్ళు విప్పి గ్లాసును చేతిలో పెట్టవలసివచ్చింది.

మధ్యాహ్నం దాకా ఆమెను కదలనివ్వలేదు. వరండాను ఖాళీ చేయించి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"పొద్దున లేచిన కాడికెళ్ళి చెప్పు. ఏం తిన్నవ్?"

"గట్క తిన్న. మామిడికాయ తొక్కు."

"కొత్త తొక్కా?"

"నిరుటిది. రోజూ తినేదే."

"పురుగు కుట్టిందా? రంగు నూలు ముట్టినవా?"

"తెల్ల నూలే ముట్టిన."

"ఇంకేం నోట్లె పెట్టుకున్నవ్?"

"ఇంకేం లేదు సారు."

"పొట్లం ఏసుకున్నవ్ గద," అంది పక్కనుంచి సోమక్క. "నిన్న నూలు బేళ్ళు మోసిందని బుజం గుంజుతాందంటే, ఊకె ఎందుకు పారేసుడని నేనే తీసి ఇచ్చిన."

"పొట్లం సంగతి వదిలేయ్. అది మందు, అది లెక్కకు రాదు," అన్నాడు సుందర్ రావు. అని ఆగిపోయాడు.

అతను తన చేతివేళ్ళ వైపు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో పొద్దుటి పొడి తెల్లగా ఉంది. తర్వాత ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు. దద్దుర్లు మొదలయిందెప్పుడు? పెద్ద షావుకారు ఆర్డరు వచ్చినప్పుడు. పొట్లం మొదలుపెట్టిందెప్పుడు? అప్పుడే, పని ఎక్కువై బుజాలు పట్టుకుపోతే. రోజుకు ఎన్ని? రెండు, ఒక్కొక్క రోజు మూడు. దద్దుర్లు ఎక్కువైన రోజున? నొప్పి గూడ ఎక్కువుంటుండె సారు, ఇంకోటి ఏసుకుంటుంటి. సోమవారం మూతి వాచిన రోజు? పొద్దున్నే రెండు ఏసుకుని, దవాఖానకు నడిచొచ్చిన. మానేసిన మూడు రోజులు? ఏం లేదు.

అతను తన గోటితో ఆమె ముంజేతి మీద ఒక గీత గీశాడు. నిమిషంలో ఆ గీత తాడులా ఉబ్బి లేచింది, గర్మిలో అట్లా లేవదు. డాక్టర్ బీరువా పై అరలో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. వచ్చినవాళ్ళకు కనబడాలని పెట్టింది. దించి దుమ్ము తుడిచాడు. కొన్ని పేజీల అంచులు కోయనే లేదు, కత్తెరతో కోసుకోవలసివచ్చింది. వేలు పెట్టి, కూడబలుక్కుని, అర్థమయింది అర్థమయినట్టు చదివాడు. లేచి పోయే దద్దుర్లు, పెదవికి, నాలుకకు, గొంతుకు దిగే వాపు. కారణాల జాబితాలో చేపలు, గుడ్లు, కందిరీగలు, చలి, ఆపైన మందులు. క్వినైన్‌కు, నల్లమందుకు మధ్యన ఆ పేరు ఉంది. ఆస్పిరిన్. కొందరి ఒంటికి చిటికెడు కూడా పడదు, ప్రాణం మీదికి రావచ్చు, అదేమిటో పోల్చి మాన్పించడమే వైద్యం, అని రాసి ఉంది.

పుస్తకం మూసి, "చిలుకమ్మా," అన్నాడు. ఆమెను పేరుతో పిలవడం కూడా అదే మొదలు. "నీకు గర్మి లేదు. నా పొట్లమే నీకు పడలే. ఇగ ముట్టకు. మూడు నాలుగు వారాలు చూడాలె. అప్పుడప్పుడు ఒకటో రెండో లేస్తే భయపడకు. పుస్తకం చెప్పినట్టయితే, ఇది తప్ప నీకు ఏ రోగం లేదు."

చిలుకమ్మ ఆ మాట విని ఏడవలేదు, దండం పెట్టలేదు. తెరుచుకున్న ఒక్క కంటితో అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపు సుందర్ రావుకు బాగా తెలిసిందే. ఇన్నేళ్ళూ బల్ల వెనక నుంచి అతను చూస్తూ వచ్చిన చూపు అది.

శనివారం డాక్టర్ రెండు అడవికోళ్ళతో తిరిగివచ్చాడు. సుందర్ రావు గదిలోకి వెళ్ళి నిలబడి జరిగింది చెప్పాడు. సూది సంగతి, పొట్లం సంగతి, పుస్తకం సంగతి దాచకుండా చెప్పాడు. డాక్టర్ బూట్ల తాళ్ళు విప్పుకుంటూ విన్నాడు.

"నా పుస్తకం కోసినవా?"

"కోసిన సార్."

"నా కుర్చీల కూచోబెట్టినవా?"

"ఊపిరి ఆడలేదు సార్. పండబెడితే..."

"అడ్రినలిన్ ఎంత కరువున్నదో ఎరుకేనా? రెండు బుడ్లు ఖర్చు చేసినవు. ఒక కండెలు చుట్టేదానికి."

"సార్, ఆమెకు సిఫిలిస్ కాదు. ఆ మాట మీరు ఒక్కసారి వరండాల చెప్తే..."

డాక్టర్ రెండో బూటు కూడా తీసి పక్కన పెట్టి, మొదటిసారి తల ఎత్తాడు. "నేనేం చెప్పిన సుందర్ రావ్? నా గదిల, నా కుర్చీల కూచుని, ఇంగ్లీషుల, నీకు చెప్పిన. తప్పయితే తప్పయింది, వైద్యంల అవుతుంటయి. గర్మి అని గడపల నిలబడి అరిచిందెవలు? నేనా?"

ఆ మనిషి ఒక్క రోగి నాడి పట్టి చూడడు. అడవికోళ్ళ ఈకలు గదంతా రాలి ఉన్నాయి. అంత పనికిమాలినవాడి నోట్లోంచి కూడా నిజం రాగలదని, వస్తే ఇంత సూటిగా వస్తుందని అతను అనుకోలేదు.

"ఊకో ఇగ," అన్నాడు డాక్టర్. "ఆమె ఏమన్న జాగీర్దారు బిడ్డనా? రెండు నెలలయితే అందరు మరిచిపోతరు."

సుందర్ రావు బయటికి వచ్చాడు. వరండా నిండా జనం. సోమవారం నిలబడిన గడపలోనే నిలబడ్డాడు. ఆనాటి మాట దానంతటదే గొంతులోంచి దూకింది. ఈ మాట కోసం రెండుసార్లు దగ్గవలసివచ్చింది.

"మొన్న చిలుకమ్మను నేనొక మాట అన్న. అది తప్పు. ఆమెకు గర్మి లేదు. ఏ చెడ్డ రోగమూ లేదు. నేనిచ్చిన పొట్లం ఆమె ఒంటికి పడక అట్లయింది. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. కొమురెల్లి అనే బండివాడు తన చేతిలోని పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. బక్కమ్మ అనే ముసలమ్మ, "ఆమెకు పడకుంటే పాయె, నాకు మంచిగ పడుతది, నావి నాకు ఇయ్యి కొడుకా," అంది. స్తంభం వెనక నుంచి ఎవరో మెల్లగా, "ఎందుకో గింత పాకులాట? నిన్న తలుపేసుకొని పగటీలి దాకా ఆమెను లోపల్నే పెట్టుకున్నడంట," అన్నారు. ఇంకెవరో నవ్వు ఆపుకున్నారు. సుందర్ రావుకు వినబడింది. చొక్కా పట్టుకుని అడుగుదామనుకుని మానుకున్నాడు. వాళ్ళకు ఈ నవ్వు నేర్పింది తనే.

లోపలి నుంచి డాక్టర్ గొంతు హాయిగా వినిపించింది. "విన్నరు గద? కంపౌండరే తప్పు ఒప్పుకున్నడు. ఇగ నుంచి పొట్లాలు నన్ను అడిగి తీస్కోండ్రి."

ఆదివారం గుడి అయిన తర్వాత సుందర్ రావు ఇంటికి పోకుండా రంగశాయిపేటకు నడిచాడు. జేబులో ఒక అట్టముక్క ఉంది. 'ఈ మనిషికి ఆస్పిరిన్ ఇవ్వవద్దు, ఇస్తే ప్రాణాపాయం' అని దాని మీద ఇంగ్లీషులో, ఉర్దూలో, తెలుగులో రాశాడు. ఏ దవాఖానకు పోయినా ముందు అది చూపించమని చెప్పాలి.

సోమక్క ఇంటి ముందు పందిరి కింద చిలుకమ్మ రాట్నం తిప్పుతోంది. ముఖం మామూలయింది. కళ్ళ కింద కొంచెం నలుపు తప్ప ఏమీ లేదు. ఆమె ముఖం ఎట్లా ఉంటుందో సుందర్ రావు అప్పుడే చూశాడు. కోల ముఖం, పదునైన గడ్డం. అరుగు మీద రాజలింగు కూర్చుని ఉన్నాడు. చాలాసేపటి నుంచి కూర్చున్నట్టున్నాడు. అతని ముందు పెట్టిన నీళ్ళ చెంబులో నీళ్ళు అట్లాగే ఉన్నాయి.

సుందర్ రావు అట్టముక్క ఇచ్చి సంగతి చెప్పాడు. చిలుకమ్మ తీసుకుని రాట్నం పీట కింద పెట్టింది.

"నిన్న వరండాల అందరికీ చెప్పిన," అన్నాడు అతను.

"విన్న. సోమవారం మీరన్న మాట పగటీలికల్ల కొత్తవాడ దాటింది సారు. నిన్న అన్న మాట ఇంకా మీ దవాఖాన మెట్లే దిగలే." ఆమె చెయ్యి ఆగలేదు. "దిగినా వేరే రూపంల దిగింది."

రాజలింగు నడుమ అందుకున్నాడు.

"నేను నమ్మిన. అందుకే వచ్చిన. మగ్గం మీద శత్రంజి సగంల ఆగింది, కండెలు చుట్టేటోళ్ళు లేరు. లేదని తేలింది గద, ఇగ లే, ఇంటికి పోదాం."

"నాకు లేదని తేలింది. మరి నీకు?"

"నాకేంది?"

"నాకు గర్మి అనంగనే, ఎవని కాడ అంటించుకున్నవే అని అడిగినవ్. బాసన్లు బయటేసినవ్. నువ్వు అంటించినవేమోనని ఊళ్ళె ఒక్కలన్న అడిగిండ్రా? నువ్వన్న అనుకున్నవా?" ఆమె రాజలింగు వైపు చూడకుండా సుందర్ రావు వైపు తిరిగింది. "సారు, మీరు చదువుకున్నోళ్ళు. గర్మి ఆడోళ్ళకు ఒక్కలకే వస్తదా?"

"లేదమ్మా."

"ఇంటికి ఎవలు తెస్తరు ఎక్కువ?"

సుందర్ రావు రాజలింగును చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. "మొగోళ్ళే," అన్నాడు.

"అయితే చూపించుకొని రమ్మనుండ్రి. చాటుకు కాదు, వరండాల, అందరి ముంగట. ఈయనకు లేదని తేలితే మీరు గడపల నిలబడి అరవాలె. నాకు అరిచినంత గట్టిగ. అది విన్నంక, నేను పోవుడో పోకపోవుడో అప్పుడు ఆలోచన చేస్త."

సోమక్క ఇంటి లోపల ఏదో సర్దుతున్న చప్పుడు ఆగింది. రాజలింగు ముఖం ఎర్రబడింది. ఆమె మీద అరవబోయి, ఎదురుగా కంపౌండర్ ఉన్నాడని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు.

"సారు, మీరన్న చెప్పుండ్రి. ఆడిది కోపంల ఏదో అంటది. అందరి ముంగట మొగోన్ని చూపించుకొమ్మనుడు ఎక్కడన్న ఉంటదా?"

ఒక వారం కింద అయితే సుందర్ రావు దగ్గర ఇందుకు ఒక హాస్యం ఉండేది. ఇప్పుడు వెతికినా దొరకలేదు.

"రేపు ఎనిమిదింటికి దవాఖాన తెరుస్త," అన్నాడు. "పరిగడుపున రా. రక్తం తీసి హైదరాబాదుకు పంపాలె. జవాబు వచ్చేసరికి రెండు వారాలు పడుతది."

"రెండు వారాలా?" రాజలింగు అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. "ఈ రెండు వారాలు నలుగురు నన్ను ఏమంటరు సారు?"

చిలుకమ్మ నిండిన కండెను తీసి గంపలో వేసి, వట్టిది ఎక్కించి, దారపు కొసను నోటితో తడి చేసి అంటించింది. రాట్నం మళ్ళీ తిరిగింది.